మిగిలిన గుడ్డ, మిగిలిన పూట

(విజయనగరంలో ఒక మహిళా సంఘం నెలవారీ సమావేశంలో, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అమ్మలకీ, అక్కచెల్లెళ్లకీ, వెనక వరుసలో మొహమాటంగా కూర్చున్న అయిదారుగురు అన్నయ్యలకీ కూడా.

ముందు ఈ బల్ల మీదున్న మూట సంగతి చెప్పేస్తాను. నేను లోపలికి వచ్చినప్పటినుంచి అందరి కళ్లూ దానిమీదే ఉన్నాయి. అందులో అరిసెల్లేవు. (నవ్వులు) బొంత ఉంది. ఇంకా పూర్తి కాలేదు. మాట్లాడ్డం అయ్యాక విప్పి చూపిస్తాను.

మీ సంఘం వాళ్లు ఫోన్ చేసి "రిటైరయ్యాక కాలక్షేపం గురించి మాట్లాడండి" అన్నారు. వస్తానన్నాను గానీ ఆ మాట మీద నాకు కొంచెం పేచీ ఉంది. క్షేపించడమంటే విసిరెయ్యడం. తపాలా ఆఫీసు కౌంటరు వెనక ముప్ఫయ్యారేళ్లు కూర్చున్నాను. అప్పుడు అయిదెప్పుడవుతుందా అని గడియారం వంక చూసేదాన్ని. ఇప్పుడు అది కాస్త మెల్లిగా నడిస్తే బాగుణ్ణనిపిస్తుంది. అరవై నాలుగేళ్ల మనిషి దగ్గర విసిరెయ్యడానికి కాలం ఎక్కడుంది?

అంచేత కాలక్షేపం జోలికి పోను. నాకు బాగా ఇష్టమైన రెండు పనుల గురించి చెబుతాను. ఒకటి బొంత కుట్టడం. రెండోది పొద్దున్న బయల్దేరి దీపాలవేళకి ఇంటికొచ్చేసేలా ఊళ్లు తిరగడం. దీనికీ దానికీ పొంతనేమిటని మా వారు అడుగుతుంటారు. ఒకటి మిగిలిపోయిన గుడ్డతో చేసే పని, ఇంకోటి మిగిలిపోయిన పూటతో చేసే పని. రైలు టిక్కెట్టూ దారపుండా తప్ప కొనాల్సింది ఏమీ లేదు.

బొంత అనగానే మనవాళ్లకి కాస్త చిన్నచూపు. పేపర్లో నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే "అతుకుల బొంత ప్రభుత్వం" అని రాస్తారు. రాసినాయన ఎప్పుడూ బొంత కుట్టి ఉండడు. కుట్టి ఉంటే తెలిసేది. గుడ్డ చిరిగేది అతుకు దగ్గర కాదు. అతుకు వేసిన చోట రెండు పొరలు, నాలుగు పొరలు ఉంటాయి. చిరిగేది పక్కన ఒంటిపొరగా మిగిలిన చోటే. ప్రభుత్వాల సంగతి నాకు తెలియదు గానీ బొంతలకి మాత్రం అతుకే బలం.

మా అమ్మ ఏటా సంక్రాంతి వెళ్లాక ఒక బొంత మొదలెట్టేది. మా వీధిలోకి పాత చీరలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ గంపెత్తుకుని వచ్చేది. మీ వీధుల్లోకీ వచ్చే ఉంటుంది. ఆరు చీరలిస్తే ఒక బేసినో, మూతున్న డబ్బానో. పక్కింటి పిన్నిగారు ఆవిడ దగ్గర ఒక వంటిల్లంతా కూడబెట్టింది. మా అమ్మ మాత్రం జరీ చీరలు, నైలాన్ చీరలు వేసేసేది తప్ప నూలు చీర ఒక్కటీ వదిలేది కాదు. ఆ గంపావిడ మా గుమ్మం దగ్గరికి వచ్చి "బొంతమ్మా, ఈ ఏడు కూడా ఏమీ లేదా?" అని అడిగేది.

నూలు చీరే ఎందుకంటే, వందసార్లు ఉతికిన నూలంత మెత్తటి గుడ్డ కొట్లో దొరకదు. చెమట పీలుస్తుంది. ఎండలో వేస్తే పూటలో ఆరుతుంది. పొరల మధ్య నిలిచిన గాలే చలికాలం మనకి వెచ్చన. నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ వేశారా, పొరలు జారిపోతాయి. లోపల ఒక పొర ఉండకట్టి ఒక మూలకి చేరుతుంది. మొదట్లో ఒకసారి నేనే ఈ తప్పు చేశాను. రంగు బాగుందని ఒక పాలియెస్టర్ చీర మధ్యలో పెట్టాను. రెండు ఉతుకులయ్యాక ఆ బొంతకి పొట్ట వచ్చింది. (నవ్వులు)

చీర ఎక్కడ ముందు నలుగుతుందో మనందరికీ తెలుసు. కుచ్చిళ్లు కాలికి తగిలే చోట, దోపుకునే చోట, భుజం మీద పిన్ను గుచ్చే చోట. అవి కత్తిరించి పక్కన పెట్టాలి. పమిట చెంగు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది, దాన్ని పైపొరకి ఉంచుకోవాలి. గచ్చు శుభ్రంగా తుడిచి, చీరలు ఒకదానిమీద ఒకటి ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టాలి. మా అమ్మ రెండు మూలల సన్నికల్లు పొత్రం, పచ్చళ్ల జాడీ, మిగతా రెండు మూలల నన్నూ మా తమ్ముణ్ణీ కూర్చోబెట్టేది. ముందు జానెడేసి పెద్ద టాకాలు వేసి పొరల్ని కదలకుండా పట్టుకోవాలి. ఆ తర్వాతే అసలు కుట్టు. అమ్మ అంచు దగ్గర మొదలెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చేది, ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు. అలా అయితే ముడత పడ్డా మధ్యలోకి తోసుకుంటూ పోవచ్చు, చివర్లో ఆ ముడత మీద ఒక ముక్క అతికేస్తే పువ్వులా కనబడుతుంది. చేసిన తప్పు మీద పువ్వు కుట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

దారానికి కొవ్వొత్తి ముక్క రాస్తే చిక్కు పడదు. మూరకంటే పొడుగు దారం ఎక్కించకూడదు. ఎక్కించుకోవడం బద్ధకమని బారెడు దారం పెట్టుకుంటే చిక్కు తియ్యడానికే పొద్దు గడిచిపోతుంది. ఇంకొక్కటి. బొంత ఒళ్లో పెట్టుకుని కుట్టేటప్పుడు అడపాదడపా కింద చెయ్యి పెట్టి చూసుకోండి. ఓ మధ్యాహ్నం నేను రెండు గంటలు ఒళ్లొంచి కుట్టి, గుమ్మంలో ఎవరో పిలిస్తే గబుక్కున లేచాను. బొంత కూడా నాతో లేచింది. కట్టుకున్న చీరకే కుట్టేసుకున్నాను! (నవ్వులు) వచ్చింది కొరియరబ్బాయి. జన్మంతా తపాలాలో పనిచేసిన దాన్ని, కొరియరబ్బాయి ముందు ఆ అవతారంలో నిలబడ్డాను.

తపాలా అంటే గుర్తొచ్చింది. కౌంటరు దగ్గర కూర్చున్న రోజుల్లో పార్సిళ్లు తెల్లగుడ్డలో పెట్టి కుట్టి తెచ్చేవారు, అతుకుల మీద లక్క సీళ్లు వేసి. ఆ కుట్టు చూస్తే కుట్టిన మనిషి తెలిసిపోయేది. అత్తారింట్లో ఉన్న కూతురికి అమ్మ పంపే పార్సిలు కుట్లు చీమలబారులా ఉండేవి. హాస్టల్ కుర్రాళ్ల పార్సిళ్లు గోనెసంచీ కుట్లు. అప్పట్నుంచే నాకు కుట్టు మీద కన్ను పడింది.

మనది పాతగుడ్డల పని అనుకుంటాం గానీ ప్రపంచమంతా ఈ పని చేసింది. బెంగాల్లో కాంథా, బీహార్లో సుజనీ, మరాఠీవాళ్ల గోధడి, కన్నడంలో కౌది. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలని ఉన్నారు, వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. వాళ్ల బొంతని కవంది అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని నది వంపులో చిన్న ఊరుంది. ఒకప్పుడు బానిసలుగా పత్తి చేలల్లో పనిచేసిన వాళ్ల సంతతి అక్కడుంటారు. ఆ ఊరి ఆడవాళ్లు చలికి తట్టుకోవడానికి పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు కలిపి బొంతలు కుట్టుకున్నారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి తగిలించారు, ఆ తర్వాత న్యూయార్కులోనూ. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. మా అమ్మాయి ఆ స్టాంపుల ఫొటోలు పంపితే చాలాసేపు చూశాను. గళ్లు వంకరగా ఉన్నాయి. వంకరే అందం. మా అమ్మ కుట్టినవి గోడకెక్కలేదు. మా తమ్ముడి పిల్లల పక్కలు తడిసి, తడిసి, చివరికి గడప దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి దిగాయి. అదీ బొంతకి గౌరవమే అనుకుంటాను.

ఇక తిరుగుడు సంగతి.

మనకి ప్రయాణమంటే కాశీ. లేదంటే పిల్లల దగ్గరికి అమెరికా. మధ్యలో ఏమీ లేదు. కాశీకి డబ్బులు చేరాలి, మోకాళ్లు బాగుండాలి, మా వారికి తీరికుండాలి, కోడలి పురుడు అయిపోవాలి. అన్నీ కలిసేసరికి పదిహేనేళ్లు. ఈ లోపల మనూరి స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే చూడదగినవి ఎన్నున్నాయో లెక్కే వెయ్యం. "అక్కడ చూడ్డానికేముంది?" అంటాం. బొంత మొదలెట్టినప్పుడు కూడా "బజార్లో దుప్పట్లు దొరకటం లేదా?" అంటారు కదా, అదీ ఇదీ ఒకటే ప్రశ్న.

నేనూ మా వదినా కలిసి వెళతాం. ఆదివారం, పండగా కాకుండా మామూలు మంగళవారమో, బుధవారమో. ఒక రోజుకి ఒకటే చోటు. దార్లో ఇంకో గుడి ఉంది, ఇంకో డ్యాం ఉంది, అవీ చూసేద్దామంటే నేను ఒప్పుకోను. మా వదినకి లిస్టులంటే ఇష్టం, నాకు టెన్షన్. పులిహోర పొట్లం, పెరుగన్నం, నీళ్ల సీసా, నా కుట్టుసంచీ. సంచీలో జానెడు జానెడు చదరాలు ఉంటాయి. పెద్ద బొంత రైల్లోకి తీసుకెళ్లలేం కానీ చదరం ముక్క ఎక్కడైనా కుట్టుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది అరకు రైలు. మనం విశాఖ దాకా పోనక్కర్లేదు. తెల్లారే బస్సెక్కితే శృంగవరపుకోట, అక్కడ రైలెక్కచ్చు. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా పోయే లైను అది. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలదిల్లా కొండల్లో ఇనుపరాయి విశాఖ రేవుకి దించి జపానుకి ఓడల్లో ఎగుమతి చేయడానికి 1960ల్లో జపాను సాయంతోనే వేశారు. మనకోసం వేసింది కాదు. మనం ఆ ఇనుపరాయి దార్లో మధ్యన దూరిన వాళ్లం. అందుకే గూడ్సు బండి ఎదురొస్తే మన బండి పక్కకి తప్పుకుని నిలబడుతుంది. జనం విసుక్కుంటారు. నాకు మాత్రం అదే కావాలి. ఓసారి శివలింగపురం స్టేషన్లో బండి ఆగితే ఒక చదరం మొత్తం పూర్తిచేశాను. ఎదురుగా ఎర్రటి దుమ్ము కప్పుకున్న గూడ్సు పెట్టెలు వరసగా పోతుంటే మా వదిన లెక్కపెట్టడం మొదలెట్టి యాభై దాటాక ఆవులించింది.

బొడ్డవర దాటాక కొండ మొదలు. ఈ లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. మనకి కొండెక్కేటప్పుడు చాలానే తగులుతాయి. చీకట్లోకి దూరడం, వెలుగులోకి రావడం, మళ్లీ దూరడం. సొరంగం రాగానే పిల్లలు అరుస్తారు, పిల్లలతోపాటు మా వదిన కూడా. బయటికొచ్చిన ప్రతిసారీ లోయ వేరేగా ఉంటుంది. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది కుట్టే కదా! సూది గుడ్డలోకి దిగి, కనబడకుండా పోయి, కాస్త ముందు పైకి తేలుతుంది. ఎవరో కొండని టాకాలు వేసి పట్టుకున్నట్టుంది ఆ లైను. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ దిగి ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేస్తే మేలో కూడా గాలి మారినట్టు తెలుస్తుంది. 2017 నుంచి అద్దాల పైకప్పున్న పెట్టె కూడా వేస్తున్నారు. ఒకసారి ఎక్కాను. బాగుంది, కానీ అద్దం తెరుచుకోదు. కిటికీ ఊచల్లోంచి మొహానికి గాలి కొట్టకపోతే అది నాకు ప్రయాణం కాదు. మామూలు పెట్టే ఎక్కుతున్నాను.

శీతాకాలం మొదట్లో వెళ్లండి. అరకు చుట్టూ వలిసెలు, అదే నూనెగింజల పంట, పూస్తాయి. కొండవాలంతా పసుపు. మా వదిన మొదటిసారి చూసి "ఎవరో చీరలు ఆరేశారు" అంది. ఆవిడకి నా బొంతల గాలి సోకింది. సంతలో చోళ్లు, పసుపు, రాజ్‌మా కొనుక్కుని, కాఫీ తాగి, మధ్యాహ్నం బస్సుకి దిగిపోతాం. బొంగు చికెన్ గురించి అడక్కండి, నేను తినను. తిన్నవాళ్లు పొగుడుతారు.

ఇంకోరకం తిరుగుడు చెబుతాను. ఒక నదిని పట్టుకుని మూడుసార్లు తిరగడం. గోస్తనీ నది ఉంది కదా. బొర్రా గుహల దగ్గర పుడుతుందంటారు. ఒకరోజు అక్కడికెళ్లాం. సున్నపురాయిలోకి ఇంకిన నీళ్లు బొట్టు బొట్టుగా రాలుతూ, రాయిని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి పెంచాయి. ఆవు పైనుంచి లోపల పడిందని, అక్కడ శివలింగం కనబడిందని, దాని పొదుగు పేరే నదికి వచ్చిందని కథ చెబుతారు. నెల తర్వాత తాటిపూడి రిజర్వాయరు. కొండల మధ్య అదే నీరు నిశ్శబ్దంగా పడుకుని ఉంటుంది. గట్టుమీద కూర్చుని పెరుగన్నం తిని, కుట్టుకుంటూ సాయంత్రం చేశాం. చూడ్డానికేముందంటే నిజంగా ఏమీ లేదు, నీళ్లు తప్ప. మూడోసారి భీమిలి. అక్కడ నది సముద్రంలో కలుస్తుంది. మూడుసార్లు చూసేసరికి ఆ నది మాకు బంధువైపోయింది. ఇప్పుడు వర్షాలు పడితే మా వదిన ఫోన్ చేసి "మన గోస్తనికి నీళ్లొచ్చాయట" అంటుంది.

భీమిలి వెళితే సముద్రం ఒక్కటే చూసి రాకండి. డచ్చివాళ్ల సమాధులు చూడండి. 17వ శతాబ్దంలో వాళ్లు ఈ రేవుకి వచ్చింది ముఖ్యంగా మన నేతబట్ట కోసం. మన కోస్తా అద్దకం బట్టకి అప్పట్లో ఐరోపాలో ఎంత మోజంటే, మంచం మీద పరుచుకునే పెద్ద పెద్ద పూల దుప్పట్లు ఓడల్లో వెళ్లేవి. పలంగ్‌పోష్ అన్న మాటనే వాళ్లు పలంపోర్ అన్నారు. తమ నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఫ్రాన్సు రాజు 1686లో ఆ బట్ట మీద నిషేధం పెట్టాడు. అయినా అక్కడి ఆడవాళ్లు వదల్లేదు. చినిగిన ముక్కలు కూడా పారెయ్యకుండా బొంతల్లో కలిపి కుట్టుకున్నారు. ఆ సమాధుల దగ్గర నిలబడి, వీళ్ల ఇళ్లల్లోనూ మా అమ్మలాంటి ఒకావిడ ఉండే ఉంటుంది అనుకున్నాను. దార్లో ఎర్రమట్టి దిబ్బలు కూడా ఉన్నాయి, కానీ ఒకరోజుకి ఒకటే చోటని చెప్పాను కదా. వాటికి మళ్లీ ఇంకో బుధవారం.

పొందూరు గురించి చెప్పకుండా దిగితే నాకు నిద్రపట్టదు. మన స్టేషన్నుంచి శ్రీకాకుళం రోడ్డు వైపు పోయే ప్యాసింజరెక్కితే చీపురుపల్లి, సిగడాం, ఆ తర్వాత పొందూరే. ఇంత దగ్గర ఊరికి నేను అరవయ్యేళ్లు దాటాక వెళ్లాను, సిగ్గుచేటు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేప పళ్లు సన్నగా, దగ్గరగా ఉంటాయి, అంత సన్నపు దువ్వెన మనిషి చెయ్యలేడు. అలా దువ్విన దూదితో వడికితే నూరు నంబరు దాటిన నూలు వస్తుంది, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. వడికేవాళ్లలో ఎక్కువమంది నాకంటే పెద్దవాళ్లు. ఒకావిడ పక్కన కాసేపు కూర్చున్నాను. ఆవిడ చెయ్యి లేస్తుంటే దారం గాల్లో కనబడదు, చెయ్యి మాత్రమే కనబడుతుంది. "ఎన్నేళ్లనుంచి తల్లీ?" అని అడిగితే "పరికిణీ కట్టిన కాడ్నుంచి" అంది. నేను సంచీలోంచి నా చదరం తీసి చూపించాను. వేళ్లతో నలిపి చూసి, "గుడ్డ మంచిదే, కుట్టు దూరమయింది" అంది. (నవ్వులు) అప్పట్నుంచి కుట్టు దగ్గర చేశాను.

ఆరోజు వచ్చేటప్పుడు బండి ఆలస్యమైంది. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మా వారు అన్నం వండి, చారు పెట్టి, గుమ్మంలో నిలబడి ఉన్నారు. కోపంగా ఉన్నారనుకున్నాను. "చూడ్డానికి ఏముందక్కడ?" అన్నారు. చేప దవడ సంగతి చెప్పాను. అన్నం తింటున్నంతసేపూ దాని గురించే అడిగారు. ఆ చేప ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లు మన్నుతుంది, పళ్లు ఊడిపోతే ఏం చేస్తారు అని. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "ఆ ప్యాసింజరు ఎన్నింటికి?" అన్నారు.

సరే, టీ వచ్చినట్టుంది, కప్పుల చప్పుడు వినబడుతోంది. ఈ బొంత విప్పుతాను. ఈ నీలం గళ్లది మా అమ్మ చీర. ఈ చివర తెల్లటిది మా అత్తగారిది. ఈ కాఫీపొడి రంగుది నేను రిటైరైన రోజు కట్టుకున్నది. ఈ మధ్యలో ఉన్న చదరాలు శివలింగపురం, తాటిపూడి, పొందూరు. పొందూరులో కుట్టింది ఇదే, చూశారా, దీని తర్వాత కుట్టు దగ్గరైంది. ఈ మూల ఇంకా మిగిలిపోయింది. సూదికి దారం ఎక్కించే ఉంచాను. టీ చల్లారేలోపు ఒక్కొక్కరూ నాలుగు కుట్లు వేయండి. కళ్లజోడు తెచ్చుకోనివాళ్లు కూడా రండి, వంకరపోతే దానిమీద పువ్వు వేసేద్దాం. వెనక వరుసలో అన్నయ్యలూ, మిమ్మల్నే, లేవండి. కుట్టేటప్పుడు కింద చెయ్యి పెట్టి చూసుకోండి, పంచెలకి కుట్టుకోకండి.